మా మగ్గం, ఆమె బ్లేడు

సింగపూర్ వెళ్లొచ్చినవాళ్లు అద్దాల మేడల గురించి, విమానాశ్రయంలో జలపాతం గురించి చెబుతారు. నేనూ చూశాను, బాగున్నాయి. కానీ "ఏం చూసొచ్చావు?" అని ఎవరైనా అడిగితే నా నోటికి ముందుగా వచ్చే మాట ఆఫ్రికా. సింగపూర్ విమానమెక్కి ఆఫ్రికా చూసి రావడమేమిటని మా వీధిలో ఇప్పటికీ నవ్వుతున్నారు. నవ్వితే నవ్వనీ. వెళ్లని మీకు జరిగింది జరిగినట్టు చెబుతాను.

నాది చీరాల. మా నాన్న మగ్గం నేశాడు. నేను చేనేత సంఘంలో గుడ్డ చూసే ఉద్యోగం చేశాను. గుడ్డ చూడడమంటే నేతగాళ్లు నేసి తెచ్చినదాన్ని బల్ల మీద పరచడం, తెగిన పోగునీ తప్పిన పోగునీ వెతికి సూదితో సరిచేయడం, ముద్ర వేసి పంపడం. రిటైరై ఏళ్లయినా బుద్ధి మారలేదు. బస్సులో ముందు సీట్లో కూర్చున్నావిడ చీర మీద పోగు లేచి కనిపిస్తే నా వేలు ఊరుకోదు. ఈ బుద్ధే సింగపూర్‌లో నా కొంప ముంచింది. ఆ మాటకొస్తే, ఒడ్డున పడేసింది కూడా అదే.

క్లెమెంటి: బల్ల మీద టిష్యూ

మా తమ్ముడి కూతురు శిరీష క్లెమెంటిలో ఉంటుంది. ఉద్యోగం బ్యాంకులో. భర్త పని మీద వేరే దేశం వెళ్లాడు. ఇంట్లో తనూ, ఎనిమిదేళ్ల కూతురు అన్వీ. పెద్ద యూనివర్సిటీ దగ్గరే కాబట్టి ఒక గది అద్దెకిచ్చారు. అద్దెకున్నది నైజీరియా అమ్మాయని శిరీష ముందే చెప్పింది గానీ నేను పెద్దగా పట్టించుకోలేదు.

ప్రభుత్వం కట్టించిన మేడలన్నీ ఒకేలా ఉన్నా కిటికీల్లోంచి బయటకు చాచిన బొంగుల మీద ఆరేసిన బట్టలు మాత్రం దేనికదే. మొదటిరోజు పొద్దున నేను చూసిన సింగపూర్ అదే. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. చైనీయుల చొక్కాల పక్కన లుంగీల్లాంటి మలయా సరోంగులు, వాటి పక్కన ఎవరిదో ఉప్పాడ చీర. పైఅంతస్తు వాళ్లు కింద వాళ్ల బట్టల మీదికి నీళ్లు కారకుండా పిండి ఆరేస్తారట. మా అపార్టుమెంట్లలో ఈ ఒక్క మర్యాద ఉంటే సగం గొడవలుండవు.

మధ్యాహ్నం హాకర్ సెంటర్‌కి తీసుకెళ్లింది శిరీష. పెద్ద కప్పు కింద పాతిక ముప్ఫై వంట కొట్లు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. ఆఫీసుల వాళ్లు, కూలీలు, ముసలివాళ్లు అందరూ అక్కడే తింటారు. కోపి అనే వాళ్ల కాఫీ డాలరున్నర. నేను లెక్క కట్టబోతుంటే శిరీష ఆపింది.

"రూపాయల్లోకి మార్చమాక అత్తా. మారిస్తే గొంతు దిగదు."

ఖాళీ బల్ల మీద ఎవరో టిష్యూ పొట్లం మరిచిపోయారు. మెడలో ఆఫీసు కార్డున్న పిల్ల ఒకతె అప్పుడే అటు నుంచి వెళ్తోంది. పాపం మరిచిపోయిందని పొట్లం పట్టుకుని పరిగెత్తి ఆమె చేతిలో పెట్టాను. ఆ పిల్ల నన్నూ పొట్లాన్నీ మార్చి మార్చి చూసింది. మేం వెనక్కి తిరిగేసరికి బల్ల నిండా వేరే మనుషులు.

అన్వీ తల పట్టుకుంది. "అమ్మమ్మా, దట్ వన్ చోప్ లా. కెనాట్ టేక్."

చోటు ఆపుకోవడానికి ఇక్కడివాళ్లు అలా టిష్యూ పెట్టి వెళతారట. దాన్నే చోప్ అంటారు. ఫోన్ పెట్టి వెళ్లినా ఎవరూ ముట్టరట. మన దగ్గర బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరినా దాని మీదే కూర్చునే వీరులున్నారు. ఆ పిల్ల మాత్రం కోపగించుకోలేదు, నవ్వి ఇంకో బల్ల దగ్గర మాతో కలిసే కూర్చుంది. సిగ్గుతో చేప ఉండల నూడుల్స్ రుచి కూడా తెలియలేదు నాకు. అడగకుండా బాగుచేయడం మంచిది కాదని ఆ రోజే బుద్ధి తెచ్చుకోవలసింది.

పక్క గది

ఆ సాయంత్రం వంటింట్లోంచి ఎండురొయ్యల వాసన వచ్చింది. పరాయి దేశంలో ఆ వాసనకి ప్రాణం లేచొచ్చింది. వెళ్లి చూస్తే పొయ్యి దగ్గర పొడుగాటి అమ్మాయి బెండకాయ, ఎండురొయ్యలు, ఎర్రటి పామాయిలు వేసి కూర కలుపుతోంది. పేరు ఇబిసో. నీళ్లు శుద్ధిచేసే పద్ధతుల మీద పరిశోధన చేస్తోంది. నైజీరియాలో నది సముద్రంలో కలిసే చోట ఉన్న కలబారి జనం వాళ్లు. ఊరు బుగుమా.

నాకూ ఓ పళ్లెం పెట్టింది. పక్కన మన సంకటి లాంటి ముద్ద. ముద్ద చేసి, కూరలో ముంచి, నమలకుండా మింగాలట. నేను నమిలాను. ఆమె నవ్వింది. మా ఇద్దరిదీ రెండు రకాల ఇంగ్లీషు, అయినా ఎండురొయ్యలు మధ్యలో ఉండడంతో మాటలకి లోటు రాలేదు. నన్ను ఆంటీ అంది. వాళ్ల దేశంలోనూ పెద్దవాళ్లందరూ ఆంటీలే.

అప్పుడు చూశాను ఆమె నడుముకి చుట్టుకున్న గుడ్డ. ముదురు ఎరుపు, నీలం గళ్లు, మధ్య తెల్ల గీత. ఆ గళ్లు కళ్లు మూసుకున్నా గుర్తుపడతాను. మా వీధి వీధంతా నేసిన ఎగుమతి రుమాలు అది. రుమాలన్నది పేరుకే, నిజానికి నడుముకి చుట్టుకునేంత పెద్ద గళ్ల గుడ్డ.

"ఇది మా గుడ్డ" అన్నాను.

"కాదాంటీ, మా గుడ్డ" అంది.

"మా నాన్న నేశాడు ఇలాంటివి. మేం దీన్ని ఆఫ్రికా గుడ్డ అంటాం."

ఆమె గరిటె పక్కన పెట్టింది. "మేం ఇంజిరి అంటాం. అసలైన ఇండియా గుడ్డ అని. కానీ గుడ్డ మాదే. బిడ్డ పుడితే దీంట్లోనే చుడతాం. పెద్దవాళ్లు పోతే మంచం దీంతోనే అలంకరిస్తాం. మీరు దీన్ని ఏం చేస్తారు?"

ఏం చేస్తాం? మూటలు కట్టి పంపేవాళ్లం. ఎగుమతిదారు ఏ రంగులు చెబితే ఆ రంగులు, ఎన్ని గళ్లు చెబితే అన్ని గళ్లు. ఎవరు కడతారని మా నాన్న అడగలేదు, నేనూ అడగలేదు. అయినా నా పట్టు వదల్లేదు. నేసినవాడిది కాకపోతే ఎవరిదని వాదించాను. పళ్లేలు కడుగుతూ కూడా వాదించుకున్నాం.

ఆ మాటల మీదే ఆమె గొడవ బయటికొచ్చింది. క్యాంపస్‌లో దేశదేశాల పిల్లల పండుగ జరిగితే ఇబిసో అమ్మమ్మ గుడ్డ కట్టుకుని వెళ్లిందట. పండుగ నడిపేవాళ్లు ఇది ఇండియా లుంగీలా ఉంది, ఆఫ్రికా బట్టలు వేసుకో అని ఎవరిదో రంగురంగుల ప్రింటు గౌను తెచ్చి తొడిగారు. ఫోన్‌లో ఫొటో చూపించింది. గౌనులో నవ్వుతోంది గానీ కళ్లు నవ్వడం లేదు.

"నేను ఎక్కడిదాన్నో నాకు చెప్పారాంటీ" అంది.

మరోసారి మొండికేసి అదే గుడ్డ కట్టుకెళితే ఒక కంపెనీ మనిషి చూశాడు. మిల్లు ఐరోపాలో, ఆఫీసు ఇక్కడ. ఆఫ్రికాకి ప్రింటు గుడ్డలు అమ్మడం వాళ్ల వ్యాపారం. ఆమె అమ్మమ్మ గుడ్డల్లోని నమూనాలన్నీ తమకి రాసిస్తే ఆమెకి ఉద్యోగమిస్తామన్నాడు. స్కాలర్‌షిప్పు ఇంకొన్నాళ్లలో అయిపోతుంది. ఉద్యోగముంటేనే ఇక్కడ ఉండనిస్తారు. ఊళ్లో తమ్ముడి చదువుంది, తల్లి సంతకం పెట్టమంటోంది. శనివారం ఆఫీసుకి వెళ్లి సంతకం చేయాలి.

"నీకేమనిపిస్తోంది?" అన్నాను.

"ఆ పని మా అమ్మ నేర్చుకోలేదు. నాకు చిన్నప్పుడు అమ్మమ్మ నేర్పింది, ఆవిడ పోయాక నేను మళ్లీ ముట్టుకోలేదు. నా చెయ్యి మరిచిపోయుంటుంది. ప్రింటుగా అయినా మిగులుతుంది కదాంటీ."

ఆ పనేమిటని నేను అడగలేదు. ఏదో కుట్టుపని అనుకున్నాను, నాకు తెలిసిందే కదా అనుకున్నాను.

కాంపాంగ్ గెలామ్

మర్నాడు తనే నన్ను రైల్లో కాంపాంగ్ గెలామ్ తీసుకెళ్లింది. పాత మలయా పేట. బంగారు గుమ్మటం మసీదు, చుట్టూ గుడ్డల కొట్లు. పెళ్లీడు కూతురున్న తల్లిలా కొట్టు కొట్టుకీ ఆగాను. మైనం అద్దకంతో చేసే బాతిక్ గుడ్డల కొట్లో పెద్దావిడ మమ్మల్ని కూర్చోబెట్టి, నురగ తేలేట్టు తిరగబోసిన పాల టీ తెప్పించింది. పెద్దావిడల్ని ఇక్కడ మక్చిక్ అంటారు. ఆవిడ తాతలు జావా నుంచి వచ్చారట.

గోడ మీద ఒక పక్క జావా బాతిక్‌లు, ఇంకో పక్క 'ఆఫ్రికన్' అని బోర్డు పెట్టిన ప్రింట్లు. నేను అలవాటుగా అంచు తిప్పి చూశాను. ఐరోపా మిల్లు పేరుంది.

మక్చిక్ నవ్వింది. "ఇవి రెండూ అక్కాచెల్లెళ్లు. మా జావా వాళ్లు మైనంతో చేసేది డచ్చివాళ్లు చూసి మిషన్ల మీద చేశారు. మాకే అమ్మాలనుకున్నారు. మైనం పగిలిన గీతలు చూసి మావాళ్లు వద్దన్నారు. అప్పుడు ఆఫ్రికాకి పట్టుకుపోయారు."

"మావాళ్లు తీసుకున్నారు" అంది ఇబిసో. "ఒక్కో గుడ్డకీ పేరు పెట్టారు. సవతి మీద విసుర్లు, మొగుడికి బెదిరింపులు, అన్నీ గుడ్డల పేర్లే. దాన్ని నేను తక్కువ చేయను. మా పిన్నులందరూ అవే కడతారు. కానీ ఇవాళ్టికీ మిల్లు వాళ్లదే. మా జెండా ఎగిరి ఇన్నేళ్లయింది, ఆఫ్రికా అంటే ఎలా ఉండాలో బొమ్మ వేసేది ఇంకా వాళ్లే."

మక్చిక్ తలాడించింది. "నా దగ్గరికొచ్చే టూరిస్టులు ఆ గోడ చూసి ఆఫ్రికా అంటారు, ఈ గోడ చూసి జావా అంటారు. నాకు బేరం కావాలి, నేనేం మాట్లాడను."

ఆవిడ నిజాయితీ నాకు నచ్చింది. శిరీషకో సరోంగు కొన్నాను. బేరమాడితే రెండు డాలర్లు తగ్గించి, ఇండియా ఆంటీలతో పడలేమంది.

నా సూది చేసిన పని

శుక్రవారం ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. శిరీష ఆఫీసుకి, అన్వీ బడికి వెళ్లారు. ఇబిసో కంపెనీకి పంపడానికి అమ్మమ్మ గుడ్డలకి ఫొటోలు తీసి, ఒకటి ఇస్త్రీ బల్ల మీదే వదిలి యూనివర్సిటీకి వెళ్లిపోయింది.

పక్కనుంచి పోతూ చూశాను. తెల్ల పోగులు అక్కడక్కడ లేవు. వంగి చూస్తే చాలా చోట్ల లేవు. అయ్యో, మా చీరాల గుడ్డ ఇంత తప్పులతో వెళ్లిందా, ఏ బద్ధకస్తుడు ముద్ర వేశాడు దీనికి అని ఒళ్లు మండింది. ఎలుక కొడితే ఇంత పద్ధతిగా కొట్టదు, పురుగు తింటే ఒక వరసలో తినదు. ఆ మాత్రం ఆలోచన రావాలి కదా! రాలేదు. శిరీష కుట్టుపెట్టెలోంచి సూదీ తెల్లదారం తీసి కూర్చున్నాను. నిలువు పడుగు మీదికీ కిందికీ పోగు ఎక్కించి, జానెడు మేర నింపాను. ఎంత పొందిగ్గా వచ్చిందంటే, రిటైరైనా నా చెయ్యి పోలేదని మురిసిపోయాను. పాపం, ఆ పిల్ల చూసి సంతోషిస్తుందనుకున్నాను.

పని ఎలా వచ్చిందో చూద్దామని కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను.

గుడ్డ నిండా బొమ్మలు. పోగులు లేనిచోట వెలుగు దూరి, గళ్ల మధ్యలోంచి ఇంకొన్ని గళ్లు, తాబేలు వీపు లాంటి ఆకారాలు, వరసలు. తెల్ల పోగుల్ని లెక్క ప్రకారం కోసి తీసేస్తే ఏర్పడ్డ బొమ్మలు. ఒక్క జానెడు మేర మాత్రం ఏమీ లేదు. అది నేను బాగుచేసిన చోటు.

ఇబిసో వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. రాగానే గుడ్డ చేతికిచ్చి, చేసింది చెప్పేశాను. ఆమె కిటికీ దగ్గరికెళ్లి చూసింది. నేను నింపిన చోట వేలు పెట్టి తడిమింది. తిట్టినా బాగుండేది.

అప్పుడంది, "ఇది మా అమ్మమ్మ కోసిన చోటాంటీ. మీ గుడ్డ వచ్చినప్పుడు ఇండియాది. మేం ఇలా కోశాకే మాది. ఇండియా నుంచి మూట రాగానే ఆడవాళ్లు చుట్టూ కూర్చుని కోసేవాళ్లు. బజారులో ఎవరికైనా దొరికే గుడ్డ, కోశాక ఏ ఇంటిదో చూస్తే తెలిసేది."

నేసినవాడిది కాకపోతే ఎవరిదని వాదించాను కదా, నాలుక కరుచుకున్నాను. కన్నీళ్లొచ్చాయి. సిగ్గుకే కాదు. మేం కట్టిపడేసిన మూటని, ఎవరో చెప్పిన రంగుల్లో వచ్చిన గుడ్డని, ఒక చిన్న బ్లేడుతో తమది చేసుకున్న ఆ ఆడవాళ్లు ఎంత గొప్పవాళ్లో అనిపించి కూడా.

బ్లేడు

"మీరు పెట్టిన పోగులు మీరే తియ్యాలి" అంది, బ్లేడు నా చేతిలో పెట్టి.

మగ్గం మీంచి దిగిన గుడ్డకి ఊరికే బ్లేడు తగిలిస్తే మా నాన్న అన్నం తినేవాడు కాదు. ఒక్కో పోగూ సూదితో లేపి, కోసి, లాగాను. బడి నుంచి వచ్చిన అన్వీ పక్కన కూర్చుని, తెంపిన దారాలు ఏరి గిన్నెలో వేసింది. ఎంత జాగ్రత్తగా తీసినా ఒకచోట, ఉండవలసిన నీలం పోగు కూడా పుటుక్కుమంది. పాత గుడ్డ, బిగువు ఓర్చుకోలేదు. బొమ్మ అక్కడ తెగింది.

మళ్లీ పోగు ఎక్కిస్తానని అనబోయి నోరు మూసుకున్నాను.

"ఇలా తెగితే అమ్మమ్మ అతికేది కాదు" అంది ఇబిసో మెల్లగా. "తెగినచోటి నుంచి కొత్త వరస మొదలుపెట్టేది."

బ్లేడు తీసుకుంది. మొదటి పోగు దగ్గర ఆగింది. రెండోదాని దగ్గర ఆగలేదు. ఆ తర్వాత నేను ఆమె మొహం చూడడం మానేసి వేళ్లనే చూశాను. లేపడం, కోయడం, లాగడం, బొటనవేలితో నిమరడం. నా జీవితమంతా మంచి చేతుల్ని చూస్తూ గడిపినదాన్ని. ఆ చెయ్యి ఏదీ మరిచిపోలేదు. చీకటి పడకముందే వెలుతురుకి ఎత్తింది. అమ్మమ్మ వరస పక్కన ఇంకో వరస, కాస్త వంకరగా ఉన్నా కొత్తది.

శిరీష వచ్చి చూసి, "ఏంది అత్తా ఇద్దరూ ఏడుస్తున్నారు?" అంది. మేం నవ్వుతున్నామని చెప్పాం.

శనివారం

ఇబిసో తోడు రమ్మంటే కంపెనీ ఆఫీసుకి వెళ్లాను. ఉద్యోగమిస్తానన్న ఆ కుర్రాడు మర్యాదస్తుడే. కుర్చీ లాగి కూర్చోబెట్టాడు, కాఫీ ఇప్పించాడు. ఇబిసో చాలా ముందే పంపిన మొదటి ఫొటోతో నమూనా ప్రింటు చేయించామని తెచ్చి పరిచాడు. రంగు కొంచెం పెంచామన్నాడు. అసలుది మార్కెట్టుకి మరీ సాదాగా ఉందట. దట్టమైన గుడ్డ, తాబేలు వీపులన్నీ దిగాయి, ఒక్క తప్పు లేదు. నేను దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తాను. ఎక్కడా వెలుగు దూరలేదు. మూడు వేళ్ల మందాన రంగు.

ఇబిసో కాగితాలు చదివింది. ఒకచోట ఆగి అడిగింది. "ఈ నమూనాలు మీకిచ్చాక, మా ఊళ్లో ఎవరైనా కోసి అమ్ముకుంటే?"

"మా అనుమతి తీసుకోవాలి."

"నేను కోసుకుంటే?"

"అడగండి. మీకు తప్పకుండా ఇస్తాం" అన్నాడతను. నిజంగా మంచితనంతోనే అన్నాడు. "ఒక్కసారి ఆలోచించండి, మీ అమ్మమ్మగారి పని ఆఫ్రికా అంతా కట్టుకుంటుంది."

"నిన్న సాయంత్రం కొత్తది ఒకటి కోశాను" అంది ఇబిసో. "ఎవర్నీ అడగలేదు. అడగకుండా కోయడం నాకిష్టం."

పెన్ను మూత పెట్టి అతనికి ఇచ్చేసింది. చేతులు కలిపి, కాఫీకి థాంక్స్ చెప్పి లేచింది. లిఫ్టులో నా భుజం పట్టుకుంది. పోగొట్టుకున్నది చిన్నదేం కాదు. రైల్లో తల్లికి ఫోన్ చేసింది. వాళ్ల భాష నాకు రాదు గానీ, అవతల గొంతు ముందు హెచ్చి, తర్వాత ఆగి, తర్వాత ఏదో అడిగింది. ఇబిసో నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

"ఏమందమ్మా?"

"ముందు తిట్టింది. తర్వాత, ఊరొస్తే నాకూ నేర్పుతావా అని అడిగింది."

చీరాల

స్కాలర్‌షిప్పు అయ్యాక బుగుమా వెళ్లిపోతానంది. నేను బయల్దేరేముందు నన్నొక్కటే కోరింది. మరమగ్గం గుడ్డ మీద బ్లేడు జారిపోతుందట, చేతిమగ్గం గుడ్డే కావాలి.

ఇంటికొచ్చిన వారంలోనే కోటయ్య దగ్గరికి వెళ్లాను. మా పేటలో ఆ రుమాళ్లు నేయగలిగినవాడు ఇప్పుడు అతనొక్కడే. గుంటమగ్గంలో కూర్చుని, తలెత్తకుండానే అడిగాడు.

"ఎవరికక్కా? ఆఫ్రికాకేనా?"

ఔననబోయాను. ఇన్నేళ్లూ అదే జవాబు.

"ఇబిసో అని ఒక అమ్మాయికి" అన్నాను. కోసే సంగతి కూడా చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆపి ఆలోచించాడు.

"కోసినా నిలబడాలంటే ఇంకాస్త గట్టిగా కొట్టాలి. సరే గానీ, ఆ పిల్లకి ఏ రంగంటే ఇష్టం?"

మా నాన్న మగ్గం దగ్గర నుంచి నా బల్ల దాకా ఎన్ని మూటలు వెళ్లాయో. ఈ ప్రశ్న మా వీధిలో ఎవరూ అడగ్గా నేను వినలేదు. అక్కడే మగ్గం గట్టు మీద కూర్చుని, ఫోన్ తీసి, ఇబిసోని అడిగాను.